ఒక గది లెక్క

పట్టాలు పుచ్చుకుంటున్న విద్యార్థులారా, మీకు నీతులు చెప్పను. ఒక రాగి గొట్టం సంగతి చెబుతాను.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో 1966లో మూడు కిలోమీటర్ల ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్ పనిలోకి దిగింది. ఆ గొట్టం దానిదే. నున్నటి గొట్టంలోకి మైక్రోవేవ్ పంపితే దాని ఫేజ్ వేగం, అంటే అల శిఖరాల వేగం, కాంతిని మించిపోతుంది. ఎలక్ట్రాన్ దాన్ని అందుకోలేదు. అందుకని లోపల నడుమ చిల్లున్న రాగి బిళ్లల్ని వరసగా అమర్చారు. రెండు బిళ్లల మధ్య చోటే ఒక గది. పౌనఃపున్యం 2856 మెగాహెర్ట్జ్, అంటే తరంగదైర్ఘ్యం పదిన్నర సెంటీమీటర్లు. ఒక్కో తరంగానికి మూడు గదులు, గది పొడవు 3.5 సెంటీమీటర్లు. చిల్లూ వ్యాసమూ కుదిరితే అల శిఖరం కాంతి వేగంతో ఎలక్ట్రాన్ పక్కనే నడుస్తుంది. శక్తిది మాత్రం నత్తనడక, కాంతి వేగంలో సుమారు ఒక శాతం. మూడు మీటర్ల గొట్టం ముక్క ఒకటి శక్తితో నిండడానికి 0.83 మైక్రోసెకన్లు.

ఇన్ని వేల గదుల్నీ లెక్కకట్టాలా? అక్కర్లేదు. 1883 నాటి ఫ్లోకే సిద్ధాంతం పుణ్యమా అని ఒక్క గది గీస్తే చాలు: ఒకేలాంటి గదుల వరసలో అల ఆకారం మారదు, గది గదికీ ఫేజ్ మాత్రమే మారుతుంది. రెండు కొసల మధ్య ఫేజ్ తేడాను సున్నా నుంచి 180 డిగ్రీల దాకా మార్చుకుంటూ, ఒక్కోదానికి ఏ పౌనఃపున్యం వస్తుందో సాఫ్ట్‌వేర్‌ని అడిగితే డిస్పర్షన్ వక్రం వచ్చేస్తుంది. దాని వాలే శక్తి వేగం. వక్రం చదునైన చోట శక్తి కదలదు.

తిరకాసు ఇక్కడే ఉంది. గదులన్నీ ఒకేలా ఉన్నాయనీ, వరసకు అంతే లేదనీ ఆ లెక్క నమ్ముతుంది. స్టాన్‌ఫర్డ్ ముక్కలో 86 గదులు; పక్కపక్క గదులు కూడా అచ్చంగా ఒక్కటి కావు. దారిలో శక్తి తరుగుతున్నా ఎలక్ట్రాన్ మీద తోపు తగ్గకూడదని చిల్లుల్ని పోనుపోను చిన్నవి చేశారు. చిల్లు చిన్నదైతే శక్తి ఇంకా నెమ్మదించి పోగుపడుతుంది. ఆ మార్పు మెల్లగా సాగుతుంది గనక ఒక గది లెక్క చెల్లింది. కొసన మైక్రోవేవ్ వచ్చిపోయే ద్వారం, అంటే కప్లర్, ఉన్న గదికి మాత్రం చెల్లదు. దాన్ని విడిగా సరిచేయాల్సిందే. నన్నడిగితే పరీక్షలో ప్రశ్న అక్కడి నుంచే రావాలి. రాదనుకోండి.

రాగి కూడా గీసినట్టు రాదు. బ్రేజింగ్ అయ్యాక టెక్నీషియన్లు ఒక్కో గదినీ కొలిచి, గోడల్ని బయటి నుంచి నొక్కి ఫేజ్ సరిచేశారు. ఇక్కడి ల్యాబ్‌లోనూ అలాంటివాళ్లున్నారు: కనెక్టర్ ఎంతవరకు బిగించాలో మీకు చూపించినవాళ్లు, కాలిబ్రేషన్ తప్పితే మళ్లీ మొదటి నుంచి చేయించినవాళ్లు అదుగో, వెనక వరసలో కూర్చున్నారు. గ్రూప్ ఫోటోకి వాళ్లనీ పిలవండి.