సుషేణుని జ్ఞానము – హనుమంతుని హస్తము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



గ్రంథాలయోత్సవమున పుస్తకములను గూర్చి ముచ్చటింపక పసిబిడ్డల విరేచనములను గూర్చి మాటలాడుట యేమని కొందరికి తోచవచ్చును. నా మనవిని తుదివరకు వినవలసినదిగా ప్రార్థించుచున్నాను.

నా చిన్నతనమున మా యింట నొక తమ్ముడు పుట్టెను. వానికి తొమ్మిదవ నెలలో వాంతులు, విరేచనములు పట్టుకొని మూడవ దినమున పోయినాడు. నీరు పట్టినచో విరేచనము లింకను హెచ్చునని యిరుగుపొరుగు పెద్దలు చెప్పగా మా తల్లి బిడ్డకు నీరు మాన్పినది. బిడ్డను కొనిపోయినది రోగ మొక్కటియే కాదు, దాహము కూడ. అప్పటికే, 1971లో, బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర తగుపాళ్లలో కలిపిన నీటిని త్రాగించి కలరా రోగుల ననేకులను బ్రతికించియుండెను. ఆ విద్య మా వసారాకు చేరలేదు. మా తల్లికి చదువు రాదు. చదివి చెప్పువారును లేకపోయిరి. ఆమె దోషమేమియు లేదు.

పసిబిడ్డల తీవ్ర విరేచనములకు ముఖ్య కారణములలో రోటా వైరసు ఒకటి. మందుల దుకాణమున కొను యాంటీబయోటిక్ మాత్రలు వైరసును చంపజాలవు. శుభ్రమైన నీరు, చేతుల శుభ్రత అవసరమే గాని, వానితోనే ఈ వైరసు పూర్తిగా ఆగదు. కావున టీకా వలసివచ్చినది.

ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు మహారాజ్ కిషన్ భాన్ బృందము వారు నవజాత శిశువులలో రోగము కలిగింపని ఒక రోటా వైరసును కనుగొనిరి. దానినుండియే మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ వారు రోటావాక్ అను టీకాను తయారుచేసిరి. ఢిల్లీ, పూణే, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై పరీక్ష జరిగెను. మొదటి సంవత్సరమున తీవ్రరోగము సుమారు 56 శాతము తగ్గినట్లు 2014లో ప్రకటించిరి. 2016 మార్చిలో దేశమున మొదటగా ఈ టీకాను సార్వత్రిక కార్యక్రమమున చేర్చుకొన్న నాలుగు రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పదునాలుగు వారములకు మూడు మోతాదులు. సూది లేదు, నోట వేయు చుక్కలే.

నేను లెక్కలు వ్రాయువాడను. 56 అనగా నూరు కాదు. సగముకంటె హెచ్చు భారము తీరినది; శేషము నిలిచియున్నది. ఆ శేషమున కేమి చేయవలెను? ఇచ్చట నర్సు అవసరము, దూరవైద్యము అవసరము.

చిత్తూరు జిల్లా అరగొండలో 2000 సంవత్సరమున దూరవైద్య కేంద్రము వెలసినది. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దానిని ప్రారంభించెను. 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రములనుండి ఈ-సంజీవని సేవను మొదట ఆరంభించిన రాష్ట్రము మనదే. పల్లెకేంద్రమున నర్సు రోగిని కూర్చుండబెట్టి, తెరపై దూరముననున్న డాక్టరుతో మాటలాడించును.

ఆ పేరు వినినపుడు నాకు యుద్ధకాండము జ్ఞప్తికి వచ్చును. ఓషధుల గుర్తులు సుషేణునకు తెలియును. పర్వతమునకు పోవు శక్తి హనుమంతునకు కలదు. ఎరిగినవాడు పోలేదు, పోయినవాడు మూలికను గుర్తింపలేక కొండనే తెచ్చెను. ఇద్దరును కలసినగాని లక్ష్మణుడు లేవలేదు. తెరపైని డాక్టరు సుషేణుడు. బిడ్డ పొట్టపైని చర్మమును వ్రేళ్లతో పట్టి విడిచి, అది వెంటనే సర్దుకొన్నదో, మెల్లగా సర్దుకొన్నదో చూచునది నర్సమ్మ. ఆ స్పర్శ తెరకు లేదు. కావున "డాక్టరు లేడు, నర్సే యున్నది" అని వెనుదిరిగి వచ్చుట తగదు.

మరియొక మాట. బిడ్డ కన్నులు గుంటలుపడి, మత్తుగా నుండి, త్రాగలేనిచో తెరకొరకు వేచియుండక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. తక్కిన సమయమున ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసినంత నీటిలో కలిపి కొద్దికొద్దిగా పట్టవలెను, తల్లిపాలు మానరాదు, నర్సు ఇచ్చిన జింకు మాత్రలను విరేచనము తగ్గినను పదునాలుగు దినములు వేయవలెను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పేటలు మునిగినపుడు నీరు చుట్టుముట్టిన యిండ్లలో బిడ్డకు జబ్బు చేసిన ఏమి చేయవలెనని తల్లులెంత తల్లడిల్లిరో కృష్ణయొడ్డున భవానీపురమున నున్న మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంట రెండు పొట్లములు, వానిని కలుపు తెలివి ఉన్నచో అట్టి రాత్రి గడచును.

1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు–పెదవడ్లపూడి కాలువపై పడవలో పుస్తకములు పంపిరి. చదువరి రాలేనిచోట పుస్తకమే వెళ్లినది. ఆ మార్గమున మన గ్రంథాలయమును మూడు పనులు చేయుగాక యని కోరుచున్నాను. టీకా వారములను పెద్ద అక్షరములతో గోడపై వ్రాయించుట. చదువురాని తల్లులకు మందుచీటి చదివి చెప్పుటకు ప్రతి సాయంకాలము ఒక యువకుడు గాని యువతి గాని ఇచ్చట కూర్చుండుట. పొట్లమును కలుపు విధమును నర్సమ్మచేత నెలకొకసారి చూపించుట. ఖర్చు స్వల్పము.

ఒక తల్లియైనను మా అమ్మవలె దుఃఖింపకుండిన యెడల ఈ యిరువదియైదేండ్ల శ్రమ సార్థకమైనదని నేను భావింతును.