హిమవిద్యాభ్యాసము - మన యువజనులు
(కొండగట్టునందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



మేము జీవితమంతయు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవారము. సంస్కృతము మా విద్య. బాలురకు శబ్దమంజరి చెప్పుట మా వృత్తి. ఇట్టివారము నేడు మంచుపై జారు విద్యను గూర్చి మాటలాడ బూనుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని కారణము కలదు. మన విద్యానిధికి ఈ యేడు వచ్చిన దరఖాస్తులలో నొకటి యిట్టిది. మన జిల్లా బిడ్డ, వ్యాయామవిద్యలో పట్టము పుచ్చుకొన్న యువతి, విదేశమునకు బోయి స్కీ, స్నోబోర్డు శిక్షకుల తరగతిలో చేరగోరి సహాయ మర్థించినది. ఆమె తండ్రి దుబాయిలో తాపీమేస్త్రి. కార్యవర్గమున కొందఱు నవ్విరి. కొందఱు కోపించిరి. "ఎండకు రాళ్లు పగులు సీమలో మంచువిద్య యెందులకు?" అని యొక పెద్ద యడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. దానికి నవ్వు ఉత్తరము గాదు; విచారణ కావలయును. ఆ విచారణనే మీ ముందుంచుచున్నాము.

మొదట ఈ విద్య యెట్టిదో తెలిసికొందము. 'స్కీ' యనునది నార్వే దేశపు మాట. చీల్చిన కొయ్య యని దాని మూలార్థము. మంచులో కాలు దిగబడకుండ పొడవైన పలకలను పాదములకు గట్టుకొని నడచుట ఆ యుత్తరదేశములవారికి వేలయేండ్లనాటి యవసరము. వేటకును, పొరుగూరికిని అదియే దారి. పందొమ్మిదవ శతాబ్దమున టెలిమార్కు సీమవాడగు సోండ్రె నోర్‌హైము మొదలగువారు దానిని ఆటగా మార్చిరి. స్నోబోర్డు చరిత్ర మఱియు క్రొత్తది. 1965లో అమెరికాలోని మిషిగను రాష్ట్రమున షెర్మను పాపెను అను నాతడు తన బిడ్డల వినోదమునకై రెండు స్కీ పలకలను జోడించి కట్టెను. ఆ యాటబొమ్మ వంశమున పుట్టిన స్నోబోర్డు 1998లో జపాను దేశపు నాగానో ఒలింపిక్కులలో స్థానము సంపాదించెను.

ఆట యొకటి, ఆటను నేర్పు విద్య మఱొకటి. ఆస్ట్రియా దేశమున ఆర్ల్‌బర్గు కొండలలో సాంక్ట్ ఆంటోను గ్రామమున హానెసు ష్నైడరు అను గురువు తొలిప్రపంచయుద్ధానంతరము స్కీ పాఠశాల నడిపెను. శిష్యులను నేర్పునుబట్టి వర్గములుగా విభజించి, ఒక మెట్టు చక్కగా వచ్చినగాని పై మెట్టు చెప్పని పద్ధతిని ఆయన స్థిరపఱచెను. మన బడులలో అక్షరములు, గుణింతము, ఒత్తులు అను క్రమ మెట్టిదో అదియు నట్టిదే. 1938లో హిట్లరు సేనలు ఆస్ట్రియాను ఆక్రమించినప్పుడు ఆయన నిర్బంధింపబడెను; 1939లో అమెరికా చేరి న్యూహాంషైరు రాష్ట్రమున మరల పాఠము మొదలుపెట్టెను. దేశము కోల్పోయిన గురువునకు విద్యయే దేశమైనది. కెనడా స్కీ శిక్షకుల సంఘము 1938లో స్థాపింపబడి నేటికిని నాలుగు మెట్ల పరీక్షలు నడపుచున్నది. బ్రిటను, న్యూజీలాండు మొదలగు దేశములయందును ఇట్టి సంఘములు కలవు. ఆ సంఘముల పట్టము లేనివాడు ఎంత చక్కగా జారినను, పేరుగల పాఠశాలలో అతనిని గురువుగా నియమింపరు.

ఇక అచటి నిత్యజీవనము. మా పూర్వశిష్యుడొకడు న్యూజీలాండు దక్షిణద్వీపమున క్వీన్స్‌టౌను పట్టణములో ఇట్టి తరగతియందు పది వారములు గడపి మాకు లేఖలు వ్రాసియున్నాడు. మనకు శ్రావణ భాద్రపదములు వచ్చి నాట్లు పడు దినములు వారికి శీతకాలము. తెల్లవాఱకమునుపే లేచి, తన కూడు తాను వండుకొని, అట్టవలె బిగిసియుండు బూట్లలో పాదము దూర్చుటతో దినము మొదలగును. మొదటి వారము ఆ బూట్లతో మెట్లు దిగుటయే తపస్సని వ్రాసినాడు. బస్సు కొండపైకి చేర్చును. అచట తీగపై వ్రేలాడు కుర్చీలు మనుష్యులను మోసికొని శిఖరమునకు పోవును. ఎనమండుగురో పదుగురో శిష్యులకు ఒక గురువు. ఉదయమంతయు అభ్యాసము. మధ్యాహ్నము గురువు తీసిన చలనచిత్రమును జూచి, ఎవరి భుజము ముందునకు వంగినది, ఎవరి బరువు తప్పు కాలిపై నున్నది అని విమర్శ. సాయంకాలము మంచు స్వభావము, ప్రథమచికిత్స, హిమపాతముల అపాయము అను విషయములపై పాఠము. మంచుచరియ క్రింద బడినవానిని వెదకుటకు సంకేతయంత్రము, పొడవగు శలాక, పార అను మూడును వాడుట నేర్పుదురు. పూడిపోయినవాని ఆయువు నిమిషములలో లెక్క గనుక, వెదకుట అభ్యాసముచే చేతికి అలవాటు కావలయును.

స్కీ నేర్చువానికి మోకాలి నరము, స్నోబోర్డు నేర్చువానికి మణికట్టు తఱచు దెబ్బతినును. ఆ శిష్యుడును మూడవ వారమున మణికట్టు బెణికి ఆఱు దినములు కొండ యెక్కలేదు. ఆ యాఱు దినములు గురువులు పిల్లలకు పాఠము చెప్పుచుండగా ప్రక్కన నిలిచి చూచెను. "పంతులుగారూ, జారుటకంటె ఆ చూచుటయందే ఎక్కువ నేర్చితిని" అని వ్రాసినాడు. ఏమి చూచెనో వినుడు. గురువు ఎల్లప్పుడును వాలునకు దిగువను నిలిచి, శిష్యుల కన్నులకు ఎండ తగులకుండునట్లు వారిని నిలువబెట్టును. పిల్లవానితో మాటలాడునప్పుడు మంచుపై మోకరిల్లి వాని కంటియెత్తునకు దిగును. పడినవానిని లాగి లేపడు. లేచు నుపాయము చూపి వాడే లేచువఱకు ఓర్చుకొనును. ఒకమాఱు ఒక్క తప్పే దిద్దును. ఈ నాలుగు నియమములు మన పంతుళ్ల కందఱకును తెలిసియుండిన మన బడులలో బెత్తమునకు పని తగ్గియుండెడిది.

మహాకవి కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున నాట్యాచార్యు లిరువురకు వివాదము గలిగినది. ఆ సందర్భమున కవి యుంచిన విచారము ఇచ్చట స్మరింపదగినది: తనయందు నేర్పు గలవాడొకడు, ఇతరులకు సంక్రమింపజేయగలవాడు వేఱొకడు, రెండును గలవాడే శిక్షకులలో మొదటివాడు. విదేశపు మంచుకొండపై నేడు పరీక్షకులు వెదకుచున్నదియు ఆ రెండవ గుణమునే. శిష్యుడు అతివేగముగా జారి చూపినందున మొదటి మెట్టు పరీక్ష గట్టెక్కడు. తానెన్నడో మఱచిన మొదటి తడబాటును మరల మెల్లగా, స్పష్టముగా చేసి చూపగలుగవలెను. మనది నేతవృత్తి. గుంటమగ్గమున కూర్చున్నవాడు చేతిలోని నాడెను, కాలిక్రింది తొక్కుడు పలకను ఒక్క లయలో నడపును. కాని తన కొడుకునకు నేర్పునప్పుడు ఆ లయను విడదీసి, చేయి వేఱు, కాలు వేఱు చేసి చూపవలసి వచ్చును. ఆ విడదీయుట యెంత కష్టమో ఈ సభలోని ముసలివారికి తెలియును. శరీరముతో నేర్చు విద్యల కన్నింటికిని ధర్మ మొక్కటే.

ఈ తరగతిలో మొట్టమొదట నేర్పునది వేగము గాదు, ఆగుట. పలకల ముందుకొనలను దగ్గఱచేసి, మడమలను వెడల్పుచేసి, నాగటికఱ్ఱువలె నిలిపిన వేగము తగ్గును. అది వచ్చినగాని కుర్చీ యెక్కనీయరు. వెనుకనుండి వచ్చువాడే ముందువానికి అపాయము కలుగకుండ దారి చూచుకొనవలెనను నియమము మంచుకొండ లన్నింటికిని సమానము. ఈ కొండక్రింద నిలిచి ఈ మాట చెప్పునప్పుడు మా గొంతు బరువెక్కుచున్నది. 2018 సెప్టెంబరు 11వ తేదీన ఈ ఘాటుదారిని దిగుచున్న ఆర్టీసీ బస్సు లోయలో బడి 60 మందికి పైగా అసువులు బాసిరి. ఆ యిండ్లవారు ఈ సభయందును ఉండవచ్చును. ఆ దుర్ఘటనకు కారణములు విచారించుట మా పని గాదు. కాని ఎక్కుటకు మ్రొక్కులు గలవు, దిగుటకు జాగ్రత్త యొక్కటే గలదని ఆ దినము మన జిల్లా యంతయు నేర్చినది. కొండ దిగుటను శాస్త్రముగా నేర్చిన బిడ్డ యొక్కతె మన గ్రామములకు తిరిగివచ్చి పదిమంది పిల్లలకు 'మొదట ఆగుట నేర్వుడు' అని చెప్పినను, అది వృథావ్యయము గాదు.

ఇక ఆక్షేపణలు. మనకు మంచు లేదనుట మొదటిది. కొండగట్టు స్థలపురాణమునే విచారింపుడు. ఆంజనేయుడు సంజీవనీపర్వతమును గొనివచ్చుచుండగా దాని తునక యొకటి ముత్యంపేట కడ జారిపడి ఈ కొండ యయ్యెనని మన నమ్మకము. హిమవంతుని తునకకు పొరలుదండములు పెట్టు మనకు హిమము పరాయిది యెట్లగును? తుషారము, తుహినము, నీహారము, ప్రాలేయము అని అమరసింహుడు మంచునకు పర్యాయములు కూర్చిపెట్టినాడు. మాటలున్నచోట మనస్సు పోగలదు. పురాణము చాలదనువారికి నేటి నిదర్శనములు కలవు. హైదరాబాదులో 2004లోనే మంచుశాల వెలసినది. 2005లో దుబాయి యెడారిలో, అంగడిసముదాయము లోపల, 400 మీటర్ల మంచువాలు నిర్మించిరి. మన జగిత్యాల, సిరిసిల్లల కూలీలు ఎండలో ఇటుకలు మోయు నగరమున, గోడకు ఆవల మంచుపై పిల్లలు జారుచున్నారు. గోడకు ఈవల తాపీ పట్టుటయే మన బిడ్డల వ్రాతయని యెవరు శాసించిరి? ఆవల గురువుగా నిలుచుటకును వారు అర్హులు కాకూడదా?

ఆడపిల్ల యనుట రెండవది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, 13 సంవత్సరముల 11 మాసముల వయస్సున, 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖర మెక్కినది. ఆమెతోపాటు ఖమ్మము సీమ బాలుడు సాధనపల్లి ఆనందకుమారును ఎక్కెను. ఇరువురును సాంఘికసంక్షేమ గురుకులముల విద్యార్థులు. భువనగిరి రాతికొండపై మొదలై, దార్జిలింగులోను, లడఖ్ మంచులోను వారి శిక్షణ సాగినది. 2022లో పూర్ణ అలాస్కాలోని దెనాలీని అధిరోహించి ఏడు ఖండముల మహాశిఖరములను పూర్తి గావించినది. మంచును పుస్తకమునందే చూచిన బిడ్డను మంచుకొండ తలపై నిలిపినది కులము గాదు, ధనము గాదు. క్రమశిక్షణ, దానికి వెన్నుదన్నుగా నిలిచిన పెద్దలు.

మూడవ యాక్షేపణ ధనము. ఇది బలమైనది. విదేశపు తరగతికి లక్షల రూపాయలు వ్యయమగును. శిక్షకునకు ఏడాదంతయు జీతముండదు. శీతకాలమొక్కటే వాని పంట. ఉత్తరార్ధగోళమున శీతకాలము ముగియగానే దక్షిణార్ధగోళమునకు పోయి రెండుపంటల రైతువలె జీవించువారు కలరు. కాని అది అందఱకును అబ్బదు. అన్నింటికంటె ముఖ్యమైనది: శిక్షణపత్రము వేఱు, ఆ దేశమున పనిచేయుటకు అనుమతి వేఱు. మొదటిది వచ్చినంతమాత్రమున రెండవది రాదు. గల్ఫు దేశములకు పోవుటకై అధికవడ్డీకి అప్పుచేసి, ఏజెంటు నోటిమాట నమ్మి, పొలము పోగొట్టుకొన్న కుటుంబములు మన ప్రతి గ్రామమునను ఉన్నవి. గమ్యము మంచుకొండ యైనంతమాత్రమున మోసము చల్లబడదు.

కావున మహాసభవారికి మా మనవి యిది. ఆ యువతి దరఖాస్తును త్రోసివేయవలదు; ఉన్నదున్నట్లు ఆమోదింపను వలదు. మొదట ఆమెను కాశ్మీరమున గుల్మర్గులో గాని, ఉత్తరాఖండమున ఔలీలో గాని, మనాలీలో గాని మన దేశపు ప్రారంభశిక్షణకు పంపుదము. వ్యయము స్వల్పము, శరీరమునకు ఆ విద్య సరిపడునో లేదో ఒక్క శీతకాలమున తేలును. అచటి గురువులు యోగ్యురాలని వ్రాసియిచ్చిన పిమ్మట విదేశమునకు పంపుదము. పంపునప్పుడు, పాఠశాల ప్రకటనపత్రమును గాక, పట్టమిచ్చు జాతీయసంఘము పేరు విచారింపవలెను. కొండపై రక్షణకును, ఆసుపత్రికిని, అవసరమైనచో స్వదేశమునకు చేర్చుటకును చెల్లు బీమా ఉండవలెను. వ్యయమున సగము దానముగా, సగము వడ్డీలేని ఋణముగా నిచ్చి, ఆమె తండ్రి మఱొక అప్పు చేయకుండ చూడవలెను. అటుపిమ్మట ఏటేట వేసవిసెలవులలో ఒక మాసము మన వసతిగృహ బాలబాలికలకు ఆమె వ్యాయామము నేర్పవలెనని ఒడంబడిక వ్రాయించుకొందము.

ఆమె పరీక్ష తప్పవచ్చును; కాలు విరుగవచ్చును. ఇంజనీరింగు చదువ బంపిన మన బాలురలోను తప్పినవారు కలరు. అప్పుడు మనము కళాశాలలకు తాళము వేయలేదు. పడినదానిని లాగి లేపక, లేచు నుపాయము నేర్పి, దిగువను నిలిచి కనిపెట్టుకొనియుండుట గురుధర్మము. వ్యక్తికి గురువెట్టిదో, కులమునకు సంఘమట్టిది. ఈ తీర్మానము మధ్యాహ్నము మీ ముందునకు వచ్చును. చేయి యెత్తుటకు ముందు, ఎండలో తాపీ పట్టుచు బిడ్డ దరఖాస్తుకు ఉత్తరమెప్పుడు వచ్చునాయని యెదురుచూచుచున్న ఆ తండ్రిని ఒక్క క్షణము తలచుకొనుడని ప్రార్థించి, మా ప్రసంగమును ముగించుచున్నాము.

స్వస్తి.