రేపటి సీనియర్లకు

పట్టా అందుకున్న డాక్టర్లందరికీ అభినందనలు. శుభమా అని పట్టాలు పుచ్చుకుంటున్న పూట డిప్రెషన్ మాటెందుకని అనుకోవచ్చు. రేపు తలో ఊళ్లో పీజీ డ్యూటీల్లో పడితే మీరంతా ఇలా ఒకచోట దొరకరు, అందుకే.

అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2016 నాటి సమీక్షలో 27 శాతం వైద్యవిద్యార్థుల్లో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. వాళ్లలో చికిత్సకు వెళ్లినవాళ్లు 16 శాతం లోపే. మన జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024 నివేదికలోనూ తమకు మానసిక సమస్య ఉందన్న ఎంబీబీఎస్ విద్యార్థులు దాదాపు 28 శాతం.

ఈ లెక్కలు వినగానే 'ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదు' అంటారు మన పెద్దలు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇదివరకే డిప్రెషన్ వచ్చినవాళ్లకు, చిన్నప్పుడు ఇంట్లో కష్టాలు పడ్డవాళ్లకు ముప్పు ఎక్కువన్నది నిజమే. కానీ అమెరికాలో సృజన్ సేన్ బృందం ఇంటర్న్‌లను డ్యూటీలో చేరకముందూ, చేరాకా పరీక్షించింది. మొదట 4 శాతం లోపున్న డిప్రెషన్ ఆ ఏడాదిలో సగటున 26 శాతానికి చేరింది. 2022లో వాళ్లే పని గంటలు లెక్కగట్టి చూశారు: వారానికి 40-45 గంటలు చేసేవాళ్లలో 5 శాతం, 90 దాటినవాళ్లలో 33 శాతం మందికి డిప్రెషన్.

వారానికి 48 గంటలని మన దేశంలో 1992లోనే నిబంధన పెట్టారు. అయినా ఏకబిగిన 36 గంటలు నిలబడ్డ హౌస్ సర్జన్లు ఈ హాల్లోనే ఉన్నారు. గంటలొక్కటే కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చి అనాటమీ వైవాలో నోరు పెగలని అమ్మాయి ఉంటుంది. ఫీజుకు పొలం తాకట్టు పెట్టిన నాన్నకు సప్లీ సంగతి చెప్పలేని అబ్బాయి ఉంటాడు. రౌండ్స్‌లో పేషెంట్ ముందే తిట్లు పడతాయి. సైకియాట్రీ ఓపీకి వెళ్తే హెచ్ఓడీకి తెలిసిపోతుందన్న భయం వీటన్నిటికీ మించింది. రోగికి మందు రాసే చేతులే తమ జబ్బును దాచుకుంటున్నాయి.

పని గంటలు తగ్గించాల్సింది ప్రభుత్వం, అడుగుతూనే ఉందాం. తిట్లు మానడానికి మాత్రం ఏ జీవో అక్కర్లేదు. జూనియర్‌కు ఐవీ లైన్ దొరక్కపోతే పక్కన నిలబడి చూపించండి. నైట్ డ్యూటీ అయ్యాక నిద్రకు పంపండి. తిండి మానేసినా, మాట తగ్గినా, 'చచ్చిపోతే బాగుండు' అని నవ్వుతూ అన్నా సరే, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒంటరిగా వదలకుండా ఓపీకి మీరే తోడెళ్లండి. అర్ధరాత్రయినా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీకు అవసరమైనా అదే నంబరు. ఇప్పుడే, కూర్చున్నచోటే, ఫోన్లలో సేవ్ చేసుకోండి.