స్పోర్ట్సు కారులో ఆటోమాటిక్ గేరుబాక్సు చెడినప్పుడు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన సంఘ వేదికపై ఇంతవరకు ప్రబంధ కవులను గూర్చియు, త్యాగరాజస్వామి కృతులను గూర్చియు, పింఛను లెక్కలను గూర్చియు ఉపన్యాసములు జరిగినవి. గేరుబాక్సును గూర్చి ఎవరును మాటలాడినట్లు నాకు జ్ఞాపకము లేదు. ఉద్యోగకాలమంతయు ప్రభుత్వ మోటారు వాహనముల మరమ్మతు పనిలో గడపినవాడను గనుక, కార్యదర్శిగారు "మీకు తెలిసినదే చెప్పండి" అని పట్టుబట్టిరి. సాహిత్యాభిమానులు క్షమింతురు గాక.

మన కాలనీ క్వార్టర్ల ముందు స్కూటర్లును చిన్న కార్లునే గాని స్పోర్ట్సు కార్లు నిలిచియుండుట నే నెరుగను. అయినను మన పిల్లలు డల్లాసులో నున్నారు, న్యూజెర్సీలో నున్నారు, ఫ్రాంక్‌ఫర్టులో నున్నారు. చిన్ననాటి ముచ్చట తీర్చుకొనుటకై వారిలో కొందరు, ఎవరో ఏడెనిమిదేండ్లు వాడి వదలిన రెండు సీట్ల కారును చవుకగా కొనుచున్నారు. కొన్న ఆరునెలలకు అర్ధరాత్రి ఫోను వచ్చును: "నాన్నగారూ, గేరు పడటం లేదు. బాక్సు మొత్తం మార్చాలంటున్నారు." గడచిన రెండేండ్లలో ఈ సభలోనివారే నలుగురు నన్నీ విషయమై అడిగిరి. కావున నేడు నలుగురికిని ఒక్కమారే సమాధానము చెప్పదలచితిని.

స్పోర్ట్సు కారనగా గేరును చేతితో మార్చుకొనునదే యని పలువురి నమ్మకము. చరిత్ర వేరుగా నున్నది. 1953లో అమెరికాయందు షెవ్రొలేవారు కొర్వెట్ అను కారును తొలిసారిగా తయారుచేసిరి. ఆ యేడు చేసినవి 300 కార్లు. ఆ మూడువందలలోను ఉన్నది పవర్‌గ్లైడ్ అను రెండు గేర్ల ఆటోమాటిక్కే. వేగప్రియులు పెదవి విరిచిరి. 1955లో ఎనిమిది సిలిండర్ల ఇంజనును, చేతి గేరును వచ్చిన పిమ్మటగాని వారికి దానిపై గౌరవము కలుగలేదు. వింత యేమనగా, 2020 నమూనా మొదలు అదే కొర్వెట్టుకు చేతి గేరు లేనేలేదు. క్లచ్చి పెడలు తొలగిపోయినది.

యంత్రము పుట్టుక ఇంకను పూర్వపుది. జర్మనీలో హెర్మన్ ఫ్యోటింగర్ అను ఇంజనీరు ఓడల టర్బైనులకై, ద్రవము ద్వారా శక్తిని అందించు సాధనమునకు 1905లో పేటెంటు పొందెను. జనరల్ మోటార్సువారు 1939లో విడుదల చేసిన 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కార్లలో హైడ్రామాటిక్ అను గేరుబాక్సును పెట్టి, దీనిని సామాన్య గృహస్థుని వాకిట నిలిపిరి.

ఇది పనిచేయు తీరు చెప్పెదను. రెండు బల్లపంకాలను ఎదురెదురుగా నుంచి, ఒకదానికి మాత్రమే కరెంటు ఇండు. దాని గాలి తాకిడికి రెండవదియు తిరుగనారంభించును. గాలికి బదులు నూనె నింపి, రెండింటిని ఒక గుండ్రని డొల్లలో మూసినచో అదియే టార్కు కన్వర్టరు. నడుమ నుండు మూడవ రెక్కలచక్రము తిరిగివచ్చు నూనెను దారి మళ్లించి, బయలుదేరునపుడు బలమును పెంచును. ఇంజనుకును చక్రములకును నడుమ ఇనుముతో ఇనుము కట్టుబడియుండదు గనుక, కారు ఆగియున్నను ఇంజను ఆగదు. కాని ఈ ఏర్పాటులో కొంత జారుడు తప్పదు. జారుడు వలన వేడి పుట్టును, పెట్రోలు వృథా యగును. దీనిని మాన్పుటకై కన్వర్టరు లోపల లాకప్ క్లచ్చి యను మరియొక పళ్లెమును పెట్టిరి. వేగము కుదుటబడగానే అది రెండు ప్రక్కలను పట్టి బంధించును. ఈ పళ్లెమును దయచేసి జ్ఞప్తియందుంచుకొనుడు.

దాని వెనుక గ్రహచక్రముల వరుస. నడుమ సూర్యచక్రము, చుట్టును గ్రహచక్రములు, వెలుపల వలయచక్రము. ఒకదానిని ఆపి, ఒకదానిని త్రిప్పినచో, మూడవది వేరొక వేగమున తిరుగును. దేనిని ఎప్పుడు ఆపవలెనో క్లచ్చి పళ్లెములు చూచుకొనును. ఆ పళ్లెములను నొక్కునది నూనె. ఆ నూనెకు దారి చూపునది వాల్వుబాడీ. దానికి ఆజ్ఞ నిచ్చునది, నేటి కార్లలో, ఒక చిన్న కంప్యూటరు.

నూనె చేయు చాకిరి చూడుడు. శక్తిని మోయును, పళ్లెములను నొక్కును, పండ్లచక్రములకు జిడ్డు పట్టించును, వేడిని రేడియేటరు వైపు మోసికొనిపోవును. మన కార్యాలయములలో ఖాళీలు భర్తీ కానప్పుడు ఒక్క గుమాస్తా నాలుగు సీట్ల పని చేసినట్లే. పదోన్నతి సంగతియు అంతే. దాని ముఖము ఎవరును చూడరు. సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద అది సుఖముగా నుండును. ఆపైన ప్రతి పదకొండు డిగ్రీలకు దాని ఆయువు సగమగునని ఈ వృత్తిలో ఒక మోటు లెక్క కలదు. స్పోర్ట్సు కారులో ఇంజను బలము హెచ్చు. నడుపువాని ఉత్సాహము అంతకంటె హెచ్చు.

(మన దేశమున 2014లో మారుతి సెలెరియోతో ప్రచారమునకు వచ్చిన ఏ.ఎమ్.టి. వేరు. అది చేతి గేరుబాక్సే. క్లచ్చి నొక్కి గేరు మార్చు పనిని మనిషికి బదులు యంత్రము చేయును. ఈ టార్కు కన్వర్టరు సంగతులు దానికి వర్తింపవు.)

ఇప్పుడు లాకప్ పళ్లెము కథకు వచ్చెదను. 2015 నమూనా కొర్వెట్టులో జనరల్ మోటార్సువారు ఎనిమిది గేర్ల ఆటోమాటిక్కును ప్రవేశపెట్టిరి. ఈ కుటుంబపు బాక్సులనే ట్రక్కులకును, కెడిలాక్ కార్లకును అమర్చిరి. కొంతకాలమునకు ఒక విచిత్రమైన ఫిర్యాదు బయలుదేరెను. గంటకు 48 కిలోమీటర్లు మొదలు 104 కిలోమీటర్లవరకు గల వేగములో, యాక్సిలరేటరును తేలికగా నొక్కి నిలకడగా పోవుచున్నపుడు కారు వణకును. రోడ్డు అంచున గరుకుచారలు గీసినచోట చక్రము పోయినట్లుండును. టైర్లేమోయని కొందరు టైర్లు మార్చిరి. డీలర్లు టార్కు కన్వర్టర్లనే మార్చిరి. కన్వర్టరు మార్చవలెనన్న గేరుబాక్సును దింపవలెను. అంత చేసిన తరువాతను కొన్ని కార్లలో వణుకు మరల వచ్చెను.

తుదకు తేలినదేమి? తొలుత పోసిన నూనె గాలిలోని తేమను పీల్చుకొనుచున్నది. తేమ చేరిన నూనెకు పట్టు మారినది. లాకప్ పళ్లెము పట్టుట, జారుట, మరల పట్టుట, మరల జారుట, అదియే వణుకు. కంపెనీవారు వేరొక నూనెను నిర్ణయించి, పాత నూనె చుక్క మిగులకుండ పలుమార్లు కడిగి క్రొత్తది నింపవలసినదని 2019 నాటికి డీలర్లకు ఆదేశమిచ్చిరి. అనేక కార్లకు దానితో గుణము కనిపించినది. ఈలోగా యజమానులు కొందరు న్యాయస్థానముల కెక్కిరి.

ఇది విని, నూనె మార్చినచో సర్వరోగములును పోవునని అనుకొనరాదు. పళ్లెముల పైపూత మాడిపోయిన పిదప ఎంత మంచి నూనె పోసినను ప్రయోజనము లేదు. నేను చెప్పునది వరుసను గూర్చి మాత్రమే: చవుకయైనదానిని ముందు పరీక్షింపుడు, ఖరీదైనదానిని పిమ్మట విప్పుడు. వర్క్‌షాపులలో ఈ వరుస తలక్రిందులగుట నేను ఎన్నియో మార్లు చూచితిని. అది సర్వదా మోసమనియు చెప్పజాలను. లోపల తడవి వెదకు ఓపిక గల మెకానిక్కులు తగ్గిరి. బాక్సు మొత్తము మార్చినచో పూచీ యిచ్చుటయు సులభము.

నూనె విషయమున మరియొక మాట. కొన్ని కార్ల పుస్తకములలో గేరుబాక్సు నూనె జీవితాంతము మార్చనక్కరలేదని వ్రాసిరి. ఎవరి జీవితాంతమో వ్రాయలేదు. జర్మనీలోని జెడ్.ఎఫ్. కంపెనీ పలు ఖరీదైన కార్లకు గేరుబాక్సులు చేసి యిచ్చును. ఆ కంపెనీ సలహా యేమనగా, 80,000 మొదలు 1,20,000 కిలోమీటర్ల లోపల, లేదా ఎనిమిదేండ్లకు, నూనె మార్చవలెనని. కారుకు పేరు పెట్టినవాని మాట కంటె గేరుబాక్సు చేసినవాని మాట నాకు నమ్మదగినది.

మా తమ్ముని కుమారుడు టెక్సస్‌లో ఉద్యోగము చేయుచున్నాడు. వాని కారు పేరును, వర్క్‌షాపు పేరును ఇచ్చట అనవసరము. ఒకనాడు కారు ఒకే గేరులో చిక్కుకొని, ఎంత నొక్కినను మారలేదు. "తొమ్మిదివేల డాలర్లట, పెదనాన్నా! రేపే సరే అనమంటున్నారు" అని ఫోను చేసెను. ఆ సొమ్ము వాడు తల్లిదండ్రులను తొలిసారి తన యింటికి రప్పించుకొనుటకై దాచినది.

ఏదైన దోషము కనిపించగానే కంప్యూటరు గేరుబాక్సును కాపాడుటకై ఒక గేరులోనే నిలిపివేయును. ఇది మూర్ఛయే గాని మరణము కాదు. నే నిట్లు చెప్పితిని: "కంప్యూటరు చూపిన దోషసంఖ్యలను వ్రాతపూర్వకముగా అడుగు. గేరుబాక్సుల పనియే చేయు వేరొక నిపుణుని యొద్దకు కారును తీసికొనిపొమ్ము. నూనె మట్టమును, చెప్పిన వేడిమి వద్దనే చూడుమనుము. చల్లని నూనె మట్టము అబద్ధము చెప్పును. అడుగు పళ్లెమును నీ యెదుట విప్పించుము."

అడుగు పళ్లెము రోగి నాలుక వంటిది. లోపలి అయస్కాంతముపై బూడిదరంగు మెత్తని పేస్టు కొంచెముండుట సహజమైన అరుగుదల. మెరయు లోహపు రేకులుండినచో చక్రములో బేరింగులో విరిగినవి. నల్లని పొట్టును మాడువాసనయు నుండినచో క్లచ్చి పళ్లెములు కాలినవి. నూనె పాలు కలిసిన గులాబిరంగులో నుండినచో రేడియేటరు నీరు లోనికి వచ్చినది. మా వాని పళ్లెములో బూడిద పేస్టు తప్ప మరేమియు లేదు. దోషము విద్యుత్తు తీగలు లోనికి పోవు ప్లగ్గులో తేలినది. దాని రబ్బరు వలయములు గట్టిపడి, నూనె తీగల వెంబడి ప్రాకి కంప్యూటరు కొసలను చేరినది. ప్లగ్గు మార్చి, తీగలు శుభ్రముచేసి, నూనె నింపి, తొమ్మిదివందల డాలర్లలోపున ఆ నిపుణుడు పని ముగించెను. ఆ వేసవిలో మా తమ్ముడును మరదలును డల్లాసులో దిగిరి.

అందరికి అట్టి అదృష్టముండదు. మన సభ్యులొకరి కుమార్తె కారులో పళ్లెము విప్పగా మెరయు రేకులు కుప్పగా బయటపడినవి. అట్టిచోట బాక్సును మార్చుట తప్పదు. క్రొత్తది కొనవచ్చును, కంపెనీవారే విప్పి బాగుచేసిన దానిని కొనవచ్చును, పాతదానినే నిపుణునిచేత కట్టించుకొనవచ్చును, ప్రమాదమున నుగ్గయిన కారునుండి తీసినదానిని వేయించుకొనవచ్చును. ఈ తుది మార్గము చవుక, కాని దాని పూర్వచరిత్ర ఎవరికిని తెలియదు. మంచి పేరుగల వానిచేత కట్టించుకొనుటయే నా మతము. ఏది చేసినను ఒక్క షరతు విడువరాదు. నూనెను చల్లార్చు కూలరును, దాని గొట్టములును మార్చవలెను, లేదా సంపూర్ణముగా కడుగవలెను. పాత బాక్సు విరిగినపుడు రేకులు అందు దాగియుండి, క్రొత్త బాక్సు లోనికి పోయి దానినిగూడ చంపును. పూచీ కాగితములో విడిభాగములే గాక కూలిఖర్చును చేరినదా యని చూచుకొనుడు. స్పోర్ట్సు కారులో కూలియే పెనుభారము. 1997 నమూనా మొదలుకొని చాలకాలము కొర్వెట్టులో గేరుబాక్సు వెనుక ఇరుసువద్ద నుండెడిది. దానిని దింపవలెనన్న పొగగొట్టములు మొదలు వెనుకభాగమెల్ల విప్పవలసినదే.

2020 నమూనాలో వచ్చినది రెండు క్లచ్చిల బాక్సు. బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఒకటి. టార్కు కన్వర్టరు లేదు. తొలి సంవత్సరములలో డీలర్లు దానిని విప్పి బాగుచేయుట లేక, చెడినచో మొత్తము మార్చుచు వచ్చిరి. పూచీ యుండగా యజమానికి చింత లేదు. అమెరికాలో షెవ్రొలేవారు ఇంజను, గేరుబాక్సులకు ఐదేండ్లు లేదా 60,000 మైళ్లు, ఏది ముందైన దానివరకు పూచీ యిత్తురు. పాత కారు కొనువారు మొదట ఆ తేదీ చూడవలెను. వెలుపలివానిచేత నూనె మార్పించుకొన్నంత మాత్రమున పూచీ పోవునని అచ్చట ఎవరైన బెదరించినచో, 1975 నాటి ఫెడరల్ చట్టము ఆ మాటను ఒప్పుకొనదని మన పిల్లలకు చెప్పుడు.

చివరగా రోడ్డుమీద ఆగిన సమయమును గూర్చి. గేరు జారుచు ఇంజను మాత్రము అరచుచున్నచో, ఇంటివరకు పోవుదమని ఈడ్చుకొని పోరాదు. ప్రతి కిలోమీటరునకు పళ్లెముల పూత కొంత మాడిపోవును. త్రాడుకట్టి లాగించుటయు తగదు. నూనె పంపును త్రిప్పునది ఇంజను. అది ఆగియుండగా చక్రములు మాత్రము తిరిగినచో లోపలి భాగములు నూనె లేక అరుగును. కారును సంపూర్ణముగా ఎత్తి లారీపై నుంచి తీసికొనిపోవలెను. లారీ వచ్చువరకు ఇంజను ఆపి, కారు క్రింద నూనె కారినదేమో, కారినచో ఏ రంగులో నున్నదో ఫోనులో ఒక చిత్రము తీసియుంచుమని పిల్లలకు చెప్పుడు. మెకానిక్కు అడుగు మొదటి ప్రశ్న అదియే.

గ్రహచక్రముల నమూనా నొకదానిని అట్టతో చేసి తెచ్చితిని. చూడగోరువారు బల్లయొద్దకు రావచ్చును.