మన గుట్టలను మన పిల్లలకు చూపుదము

(ఆదివారపు బడి ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల కూటములో చేసిన ప్రసంగము)



కొన్ని సంవత్సరముల క్రిందట నేను మన పిల్లలను హైదరాబాదు చూపింప తీసికొనిపోతిని. బిర్లా మ్యూజియములో పెద్ద రాక్షసిబల్లి అస్థిపంజరము ఎదుట అందరు నోరు తెరచుకొని నిలిచిరి. "అయ్యగారూ, ఇది ఏ దేశముది?" అని ఒక పాప అడిగెను. తెలియదంటిని. ఇంటికి వచ్చి చదివిన తరువాత సిగ్గుపడితిని. దాని పేరు కోటసారస్. ఆ ఎముకలు దొరికినది మన పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర! ఆ పాపదియు ఆదిలాబాద్ జిల్లాయే.

మనము పిల్లలను దూరము తిప్పుచున్నాము గాని ఊరి ప్రక్కనున్నది చూపుట లేదు. కరీంనగర్ నుండి జగిత్యాల పోవు దారిలో గంగాధర మండలమున్నది. అక్కడ కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట గలదు. బండమీద జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరి బొమ్మ చెక్కియున్నవి. వాటి క్రింద సుమారు 945లో జినవల్లభుడు వేయించిన శాసనమున్నది. ఇతడు వేములవాడ చాళుక్యుల ఆస్థానమునందున్న కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. శాసనము సంస్కృతము, కన్నడము, తెలుగు మూడు భాషలలోను ఉన్నది. అందు మూడు తెలుగు కంద పద్యములున్నవి. నన్నయగారి భారతమునకు ఇవి దాదాపు నూరేండ్లు ముందటివి. 2008లో తెలుగునకు ప్రాచీన భాష హోదా వచ్చినది గదా, మన భాష ప్రాచీనతకు ఈ గుట్ట ఒక గొప్ప సాక్షి.

"జైనుల గుట్టకు మన పిల్లలెందుకయ్యా?" అని ఒక పెద్దాయన నన్నడిగెను. మంచి ప్రశ్నయే. మనము ప్రార్థించుచు, కీర్తనలు పాడుచున్న భాషలోనే ఆ పద్యములు ఉన్నవి. ఇతరుల భక్తిని గౌరవముతో చూచినందున మన విశ్వాసము తరిగిపోదు. పొరుగువాని చరిత్ర తెలియకుండ పొరుగువానిని ప్రేమించుట ఎట్లు?

చూడదగినవి ఇంకను ఉన్నవి. ధూళికట్టలో బౌద్ధ స్తూపము, గోదావరి ఒడ్డున శాతవాహనుల నాణెములు దొరికిన కోటిలింగాల, నగునూరులో కాకతీయులనాటి గుళ్లు, 1940లో కొమరం భీం ప్రాణమిచ్చిన జోడేఘాట్. అన్నియు ఒక్కనాడే చూపవద్దు. ఒక దినమునకు ఒక్క స్థలము చాలును. పోకముందు ఆ సంగతి చెప్పుడి. అక్కడ పిల్లలచేత బొమ్మ గీయించుడి, ఊరి ముసలివారిని అడిగించుడి. గుట్ట ఎక్కునప్పుడు పెద్దలు తోడుండవలెను.

ఒక తప్పు ఒప్పుకొందును. చిన్నతనములో ఎలగందుల కోట గోడమీద బొగ్గుతో నా పేరు వ్రాసితిని. అది తప్పని చెప్పినవారు లేరు. నేడు మన జిల్లా గ్రానైటు దేశదేశములకు పోవుచున్నది, గుట్టలు కరుగుచున్నవి. ఏ బండమీద ఏమి వ్రాసియున్నదో ఎరుగనివాడు దానిని రాయిగానే అమ్మును.

యొర్దానులోనుండి తీసిన పన్నెండు రాళ్లను యెహోషువ నిలువబెట్టించెను. పిల్లలు అడుగుదురనియు, పెద్దలు జవాబు చెప్పవలెననియు గదా? మన పిల్లలును అడుగుదురు. ఈ సంవత్సరము ప్రతి సంఘము తన పిల్లలను దగ్గరనున్న ఒక్క స్థలమునకైనను తీసికొనిపోవలెనని మిమ్మును వేడుకొనుచున్నాను. నావలె "తెలియదు" అనవలసిన గతి మీకు రాకుండునుగాక.