ఎండాకాలం సెలవులు – ఆరు పుస్తకాలు

(వయోజన విద్యా కేంద్రంలో మహిళల కోసం చేసిన ప్రసంగం)



గోదావరిఖని ఎండల సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర లేదు. నెత్తి మీద సూర్యుడు. కింద బొగ్గు నేల. పొద్దున పది దాటితే గడప దాటబుద్ధి కాదు. ఏప్రిల్ చివరి వారంలో బడులకు సెలవులు ఇస్తారు. మళ్లీ జూన్ రెండో వారంలో తెరుస్తారు. దాదాపు ఏడు వారాలు. ఈ ఏడు వారాలు పిల్లలు ఏం చేస్తారు?

ఒక కార్మికుని ఇల్లు చూడండి. తండ్రి రాత్రి షిఫ్టు చేసి పొద్దుగాల ఇంటికి వచ్చిండు. స్నానం చేసి, ఇంత తిని పడుకున్నడు. క్వార్టర్‌లో ఉన్నవి రెండు గదులే. ఏడో తరగతి కొడుకు, ఆరో తరగతి బిడ్డ ఇంట్లనే ఉన్నరు. బయట ఎండ. లోపల చప్పుడు చేయొద్దు. నిద్ర చాలని మనిషి బాయిలకు దిగితే ప్రమాదం. అందుకే తల్లి, "సప్పుడు చెయ్యకుండ్రి" అని సెల్‌ఫోన్ చేతికి ఇస్తుంది. పిల్లలు ఊరుకుంటారు. ఏడు వారాలు అట్లనే గడిచిపోతాయి.

అదే వేళ వాళ్ల చేతిలో ఒక కథల పుస్తకం ఉంటే? పుస్తకం చప్పుడు చేయదు. కరెంటు అడగదు. తండ్రి నిద్ర చెడదు. పిల్లల చదువూ చెడదు.

పంపు ఆగితే నీరు నిండుతుంది

బాయిలో ఊట నీరు వస్తూనే ఉంటుంది. పంపులు ఆ నీటిని తోడి పైకి పంపుతుంటాయి. పండుగ వచ్చినా, సెలవు వచ్చినా పంపులు ఆపరు. ఆపితే గనిలో నీరు నిండుతుంది. చదువు కూడా అంతే. సెలవని ఆపితే మరుపు నిండుతుంది. జూన్‌లో బడికి పోయిన పిల్లలు తడబడేది ఇందుకే.

6, 7, 8 తరగతుల పిల్లలకు ఇది మరీ ముఖ్యం. అయిదో తరగతి దాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు. ఆరు నుంచి చదివి నేర్చుకోవాలి. పాఠాలు పొడుగవుతాయి. లెక్కను కూడా చదివి అర్థం చేసుకుంటేనే చేయగలరు.

అమెరికాలో అట్లాంటా అనే పట్టణం ఉంది. అక్కడ బార్బరా హెయిన్స్ అనే పరిశోధకురాలు 6, 7 తరగతుల పిల్లల చదువును పరిశీలించారు. 1978లో ఆ సంగతులు పుస్తకంగా రాశారు. వేసవి సెలవుల్లో ఆరు పుస్తకాలు, అంతకు మించి చదివిన పిల్లలు, చదవని వాళ్ల కంటే ముందుకు పోయారు. ఉన్నవాళ్ల పిల్లల్లోనే కాదు, పేదింటి పిల్లల్లోనూ ఇదే కనిపించింది.

ఆరు పుస్తకాలంటే భయపడొద్దు. లెక్క చూడండి. రోజుకు 10 పేజీలు. 45 రోజులకు 450 పేజీలు. 75 పేజీల పుస్తకాలైతే సరిగ్గా ఆరు!

తట్ట, చెమ్మస్ రోజులు పోయాయి

తాతల కాలంలో తట్ట, చెమ్మస్ పట్టే బలం ఉంటే బాయి పని దొరికేది. వేలిముద్ర చాలేది. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు సుమారు 40 వేల మంది. యంత్రాలు పెరిగాయి. ఓపెన్‌కాస్టులు వచ్చాయి. మైనింగ్ సర్దార్ కావాలన్నా, ఓవర్‌మన్ కావాలన్నా పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పిల్లలందరికీ బాయి పని దొరకదు. ఏ పనికి పోయినా చదివి అర్థం చేసుకునే శక్తి కావాలి.

"మేమేం చెప్తం?"

చాలామంది తల్లులు ఒక మాట అంటారు. "మేము మొన్న మొన్ననే అక్షరాలు దిద్దినం. వాళ్లది ఇంగ్లీషు మీడియం. మేమేం చెప్తం?"

తల్లి పాఠం చెప్పనక్కర లేదు. తెలుగు కథ చదివినా చదివినట్టే. ఒక భాషలో అర్థం చేసుకొని చదివే అలవాటు ఇంకో భాషకూ పనికొస్తుంది. తల్లి చేయవలసినవి మూడే పనులు. పక్కన కూచోవాలి. వినాలి. అడగాలి.

ఆ ఇంట్లోనే ఇంకో రోజు చూడండి. తల్లి కూరగాయలు కోస్తున్నది. బిడ్డ మెల్లగా కథ చదువుతున్నది.

"ఆ పిలగాడు అబద్ధం ఎందుకు ఆడిండే?" తల్లి అడిగింది.

"భయపడ్డడమ్మా."

"నువ్వైతే ఏం చేస్తుంటివి?"

బిడ్డ కొంచెం ఆలోచించింది. "నీకు చెప్తుంటి" అన్నది.

తర్వాత తల్లి చేయి తుడుచుకొని పుస్తకం తీసుకున్నది. వేలు పెట్టుకుంటూ ఒక పేజీ చదివింది. 'రాక్షసుడు' అన్న మాట దగ్గర ఆగింది. బిడ్డ చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

కొత్తగా వచ్చిన అక్షరం వాడకపోతే మరుపుకు వస్తుంది. ఇక్కడ ఒకే పుస్తకం ఇద్దరికీ పనిచేసింది.

కొన్ని జాగ్రత్తలు. తప్పు చదివితే తిట్టొద్దు, కొట్టొద్దు. పుస్తకం పిల్లలే ఎంచుకోవాలి. నచ్చకపోతే మార్చాలి. ఇంకొకటి. సెలవులు రాగానే అంట్లు, నీళ్లు, చిన్నపిల్లల పని బిడ్డ మీద పడుతుంది. కొడుకు ఆటకు పోతాడు. పని ఇద్దరికీ పంచాలి. పుస్తకమూ ఇద్దరికీ ఇవ్వాలి.

పుస్తకాలు ఎక్కడివి?

బడి మూసే ముందే సార్‌ని, టీచరమ్మను అడగండి. బడి బీరువాలో కథల పుస్తకాలు ఉంటాయి. సెలవులకు ఇప్పించమనండి. శాఖా గ్రంథాలయానికి పిల్లలను తీసుకుపోండి. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అంటే అది జనం సొమ్ముతో నడిచేది. అక్కడ అడగడానికి మొహమాటం వద్దు.

'రైలుబడి' అనే పుస్తకం దొరికితే చదివించండి. అది జపాన్‌లో ఒక చిన్నపిల్ల కథ. పాత రైలు పెట్టెల్లో నడిచిన బడి కథ. రైళ్ల చప్పుడు వింటూ పెరిగే రామగుండం పిల్లలకు నచ్చుతుంది.

వట్టికోట ఆళ్వారుస్వామి పేదింట్లో పుట్టారు. ఇతరుల ఇంట్లో వంట పని చేస్తూ చదువు నేర్చుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. తెలంగాణలో పుస్తకం అట్లా ఇంటింటికీ నడిచి వచ్చింది.

మీ బస్తీలోనూ నడిపించవచ్చు. పది ఇండ్ల వాళ్లు ఇంటికొక పుస్తకం తెండి. ఒక పెట్టెలో పెట్టండి. వారానికి ఒకసారి మార్చుకోండి. పది పుస్తకాలూ పది ఇండ్లకు తిరుగుతాయి.

జూన్‌లో బడి గంట కొట్టేనాటికి పిల్లలు ఆరు పుస్తకాలు చదివి ఉంటారు. వాళ్లతో పాటు అమ్మలు కూడా.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో పిల్లలు పోయిన ఎండాకాలం ఏం చదివారు?
2. సెలవుల్లో కొడుకుకు ఏ పని చెప్తున్నారు? బిడ్డకు ఏ పని చెప్తున్నారు?
3. మీ బస్తీలో పుస్తకాల పెట్టె ఎవరి ఇంట్లో పెడితే అందరికీ అందుతుంది?