తేనె తీయు విధము



తేనె యెఱుగని ఇల్లు తెలుగు పల్లెలలో లేదు. వైద్యుని మందునకు అనుపానముగను, దేవుని పంచామృతమునందును అది కావలసినదే. అయినను దానిని తీయు పద్ధతి చిరకాలము క్రూరముగానే సాగినది. చెట్టుతొఱ్ఱలోని పట్టును పొగపెట్టి కోసి, గుడ్డలో వేసి పిండుట వాడుక. అట్లు పిండినపుడు తేనెతోపాటు గ్రుడ్లు, పిల్లపురుగులు, పుప్పొడి నలిగి కలియును. ఆ తేనె నిలువయుండదు. ఈగలు ఇల్లును, సంతానమును కోల్పోయి లేచిపోవును.

ఈ స్థితిని మార్చినవి రెండు ఉపాయములు. చట్రమునకును పెట్టెగోడకును నడుమ సుమారు 8 మిల్లీమీటర్ల సందు విడిచినచో, ఈగలు దానిని పూడ్చక దారిగా వాడుకొనునని 1851లో అమెరికా దేశస్థుడు లాంగ్‌స్ట్రాత్ గ్రహించెను. అందువలన పట్టు కట్టిన చట్రమును చెదరకుండ పైకి తీయుట సాధ్యమైనది. 1865లో హ్రుష్కా అనునతడు తేనె తీయు యంత్రమును కనిపెట్టెను. తడిగుడ్డను గిరగిర త్రిప్పినపుడు నీటిచుక్కలు వెలుపలికి చిమ్మును గదా! అట్లే చట్రము తిరుగునపుడు తేనె గదులనుండి వెలికివచ్చును. 1911 ప్రాంతమున తిరుచిరాపల్లిలో న్యూటన్ అను క్రైస్తవ మతాచార్యుడు ఈ దేశపు పుట్టతేనెటీగకు తగిన చిన్న పెట్టెను రూపొందించెను.

క్రొత్తగా పెట్టె నుంచినవాడు మొదట నేర్వవలసినది ఓర్పు. పూలనుండి వచ్చిన మకరందములో నీరు హెచ్చు. ఈగలు రెక్కలతో విసరి ఆ నీటిని ఆర్చి, తేనె పక్వమైన పిదప గదికి మైనపు మూత వేయును. చట్రములో ముప్పాతిక వంతు గదులకైనను మూతలు పడువరకు తేనె తీయరాదు. చట్రమును అడ్డముగా పట్టి విదిలించినపుడు చుక్కలు రాలినచో అది ఇంకను పచ్చితేనెయే. దానిని సీసాలో పోసినచో పులిసి పొంగును.

తీయు దినమున ఎండ కాయుచుండవలెను. ముఖమునకు ముసుగు వేసికొని, కొద్దిగా పొగ చూపి, పైయరలోని చట్రములనుండి ఈగలను మెత్తని కుంచెతో తొలగింపవలెను. తక్కిన పని తలుపులు మూసిన గదిలోనే చేయవలెను. లేనిచో తేనె వాసనకు ఇతర ఈగలు దోపిడికి దిగును. కత్తిని వేడినీట ముంచి, తడి లేకుండ తుడిచి, మూతలను పలుచగా కోయవలెను. ఇంచుమించు సమానమైన బరువుగల చట్రములను యంత్రములో ఎదురెదురుగా నుంచి మెల్లగా త్రిప్పవలెను. ఒక ప్రక్క సగము తీసి, చట్రమును మరలించి రెండవ ప్రక్క పూర్తిగా తీసి, పిదప మొదటి ప్రక్క మిగిలినది తీయవలెను. తొందరపడి వేగముగా త్రిప్పినచో నిండు బరువునకు పట్టు విఱిగిపోవును.

తీసిన తేనెను శుభ్రమైన పొడిగుడ్డలో వడగట్టి, ఒకటి రెండు దినములు కదపక యుంచినచో నురుగును, మైనపు తునుకలును పైకి తేలును. వానిని తీసివేసి, తడిలేని గాజుసీసాలలో పోసి బిగువుగా మూయవలెను.

ఖాళీయైన చట్రములను ఆ సాయంకాలమే పెట్టెకు చేర్చవలెను. ఒక కిలో మైనము చేయుటకు ఈగలకు ఆరేడు కిలోల తేనె వ్యయమగునని అంచనా. కనుక చెదరని పట్టు వానికి మూలధనము. పిల్లల గదిలోని తేనెను ఎన్నడును ముట్టరాదు. ముసురు పట్టి పూలు కరవైన దినములలో అదియే వాని గ్రాసము. దానిని సయితము తీసికొన్నవానికి ఆ యేడు ఒక సీసా హెచ్చుగా దొరకవచ్చును గాని, మరుసటి యేటికి పెట్టెలో ఈగలుండవు.

గ్రంథాలయమునుండి తెచ్చిన పుస్తకమును పుట నలుగకుండ తిరిగి యిచ్చువాడు తాను చదువుకొనుటయేగాక, తరువాతివానికిని చదువు మిగుల్చును. తేనెపట్టు విషయమును అట్టిదే. చెదరక తిరిగి చేరిన ఆ గదులే వచ్చు పూతకాలమున మరల నిండును.